నాలుక చెప్పేదెంత, చెప్పించేదెంత: చైనా సంప్రదాయ వైద్యంలో నాలుక పరీక్ష

సంక్షిప్తంగా

చైనా సంప్రదాయ వైద్యం నాలుకను ఒంటి లోపలి స్థితికి అద్దంగా భావిస్తుంది. ఆ వైద్యులు నాలుక మీద గమనించే గుర్తులలో చాలావాటికి శరీరంలో నిజమైన కారణాలు ఉన్నాయి. అయితే ఆ గుర్తుల నుంచి వారు చేసే నిర్ధారణ వేరొక సిద్ధాంతం మీద నిలిచింది, దానికి అదే స్థాయి రుజువు లేదు. నాలుకను ఫొటో తీస్తే జబ్బు చెబుతామనే కొత్త సాధనాలు ఈ రెంటినీ కలిపేస్తున్నందువల్ల గమనిక ఎక్కడ ముగుస్తుందో, అన్వయం ఎక్కడ మొదలవుతుందో విడదీసి చూడవలసిన అవసరం ఏర్పడింది.

98 శాతం దేనికి?

నాలుక ఫొటో చూసి 98 శాతం కచ్చితత్వంతో వ్యాధిని గుర్తించే కంప్యూటర్ విధానం వచ్చిందని 2024 ఆగస్టులో అనేక దేశాల పత్రికలు రాశాయి. బాగ్దాద్‌లోని మిడిల్ టెక్నికల్ యూనివర్సిటీ, ఆస్ట్రేలియాలోని యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆస్ట్రేలియా పరిశోధకులు కలిసి చేసిన పని అది. మధుమేహం ఉన్నవారి నాలుక పసుపుగా, రక్తహీనత ఉన్నవారిది తెల్లగా, కేన్సర్ రోగులది జిడ్డు పూతతో ఊదాగా ఉంటుందని ఆ వార్తలు వివరించాయి. రెండు వేల ఏళ్ల నాటి చైనా వైద్య పద్ధతే దీనికి ప్రేరణ అని కూడా చెప్పాయి.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. ఆ పరిశోధనలో 5,260 చిత్రాలతో కంప్యూటర్‌కు నేర్పింది రంగులను గుర్తించడం. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద, తెలుపు, గులాబీ అనే ఏడు రంగులను, వెలుతురు మారినా పొరబడకుండా వేరు చేయగలగడమే 98 శాతానికి పైబడిన ఆ అంకెకు అర్థం. ఆ తరువాత ఆసుపత్రుల నుంచి తెచ్చిన 60 నాలుకల చిత్రాలతో దానిని పరీక్షించారు. ఫలానా రంగు ఉంటే ఫలానా జబ్బు ఉంటుందన్న మాట మాత్రం వేరే ప్రశ్న. పసుపు నాలుకలు గల వెయ్యి మందిలో ఎందరికి మధుమేహం ఉంది, ఎందరు కేవలం టీ తాగి వచ్చారు అన్నది లెక్కించితే తప్ప దానికి జవాబు రాదు. రంగును తప్పు లేకుండా చదివే యంత్రం కూడా ఆ రంగుకు తప్పు అర్థం చెప్పవచ్చు.

చైనా వైద్యుడు నాలుకలో ఏం చూస్తాడు

చైనా వైద్యంలో రోగి పరీక్షకు నాలుగు మార్గాలు ఉన్నాయి. అవి కంటితో చూడటం, చెవితో వినడం, అడిగి తెలుసుకోవడం, తాకి నాడి పట్టడం. వాసన పట్టడాన్ని కూడా వినడంలోనే కలుపుతారు. నాలుక పరీక్ష వీటిలో మొదటిదానికి చెందుతుంది. రోగిని పగటి వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి, నాలుకను బిగపట్టకుండా వదులుగా చాపమంటారు. ఎక్కువసేపు చాపి ఉంచితే నాలుక రంగు ముదురుతుంది కనుక త్వరగా చూసి, అవసరమైతే కొంత విరామం ఇచ్చి మళ్లీ చూస్తారు.

చూసేవి ప్రధానంగా రెండు: నాలుక కండ, దాని మీది పూత. కండ రంగు, ఆకారం, కదలిక శరీరంలోని రక్తం, ప్రాణశక్తి ఎలా ఉన్నాయో చెబుతాయని, పూత రంగు, మందం, తడి జీర్ణశక్తినీ, రోగం ఎంత లోతుకు వెళ్లిందీ, దాని స్వభావం చలిదా వేడిదా అన్నదీ చెబుతాయని వారి సిద్ధాంతం. ప్రాణశక్తిని వారు 'చీ' అంటారు. లేత ఎరుపు కండ, దాని మీద పల్చని తెల్లని పూత ఉంటే ఆరోగ్యవంతుడి నాలుక. అంటే పూత అసలే లేకపోవడం ఈ పద్ధతిలో శుభసూచకం కాదు. కడుపు శక్తి ఆవిరిలా పైకి లేచి ఆ పల్చని పొరను కలిగిస్తుందని, అది పూర్తిగా పోయిందంటే ఆ శక్తి అడుగంటిందని భావిస్తారు.

కండ పాలిపోతే రక్తం లేదా చీ తగ్గినట్లు, ఎరుపెక్కితే వేడి పెరిగినట్లు, ఊదా రంగుకు తిరిగితే రక్తం నిలిచిపోయినట్లు చెబుతారు. ఉబ్బి, అంచుల మీద పళ్ల గుర్తులు పడితే 'ప్లీహం' బలహీనమై ఒంట్లో తేమ చేరిందని అర్థం. చీలికలు, పూత ఊడిన మచ్చలు శరీరాన్ని చల్లబరిచే ద్రవాంశం, అంటే 'యిన్', తరిగిందనడానికి గుర్తులు. తెల్లని పూత చలిని, పసుపు పూత వేడిని, జిడ్డుగా అంటుకున్న పూత తేమనూ కఫాన్నీ సూచిస్తాయి. నాలుక కింది రక్తనాళాలు నల్లబడి మెలికలు తిరగడం రక్తం నిలిచిపోవడానికి మరో గుర్తు.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. ముగ్గురు కడుపునొప్పితో వచ్చారనుకుందాం. ఒకరి నాలుక పాలిపోయి, ఉబ్బి, తడి తెల్లపూతతో ఉంటే వేడి చేసే మూలికలు ఇస్తారు. రెండవవారిది ఎర్రగా, పసుపు జిడ్డు పూతతో ఉంటే వేడిని తగ్గించేవి ఇస్తారు. మూడవవారి నాలుక ఎర్రగా, చీలికలతో, పూత లేకుండా ఉంటే ద్రవాన్ని పెంచేవి ఇస్తారు. నొప్పి ఒకటే అయినా చికిత్సలు మూడు. నాలుక ఇక్కడ జబ్బు పేరు చెప్పడం లేదు, ఒకే బాధ ఉన్నవారిని మూడు తరగతులుగా విభజిస్తోంది. నాలుకను ఒంటరిగా చూసి నిర్ణయించడం ఆ సంప్రదాయంలోనే లేదు. నాడి, ఆకలి, నిద్ర, విరేచనం, దాహం అన్నింటినీ దానితో కలుపుకొని చూస్తారు. ఒక్క ఫొటోతో ఫలితం చెప్పే సాధనాలు చైనా వైద్యం పేరు చెప్పుకుంటూనే దాని తొలి నియమాన్ని పక్కన పెడుతున్నాయి.

జ్వరాల నుంచి పుట్టిన విద్య

సుమారు రెండు వేల ఏళ్ల కిందటి వైద్య గ్రంథం 'హువాంగ్‌డీ నెయ్‌జింగ్'లో నాలుక ఎండిపోవడం, పసుపెక్కడం వంటి ప్రస్తావనలు అక్కడక్కడ ఉన్నాయి. క్రీస్తుశకం 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు చలి సోకి వచ్చే జ్వరాల గురించి రాసిన గ్రంథంలో నాలుక పూతను చికిత్స నిర్ణయంలో ఉపయోగించాడు. నాలుక కోసమే ఒక గ్రంథం రావడానికి మాత్రం మరో వెయ్యేళ్లకు పైగా పట్టింది. యువాన్ వంశ పాలనలో, 1341లో, దు చింగ్‌బీ అంతకుముందున్న 12 నాలుక బొమ్మలకు మరో 24 చేర్చి 36 బొమ్మల పుస్తకాన్ని సిద్ధం చేశాడు. 1668లో వచ్చిన మరో గ్రంథంలో ఆ సంఖ్య 120కి పెరిగింది.

ఈ విద్యకు అసలైన ఊపు అంటుజ్వరాల వల్ల వచ్చింది. చింగ్ వంశ కాలంలో యాంగ్జీ నది దిగువ ప్రాంతంలో వైద్యం చేసిన యే థియెన్‌షీ (1667–1746) జ్వరం పైనుంచి లోపలికి నాలుగు అంచెలుగా దిగుతుందని వివరించాడు. తెల్లని పూత పసుపుగా మారడం, ఆపై కండ ముదురు ఎరుపెక్కడం ఆ అంచెలకు గుర్తులు. థర్మామీటరు, రక్తపరీక్ష లేని కాలంలో రోగి పరిస్థితి రోజురోజుకూ ఎటు పోతోందో కంటికి కనిపించేలా చెప్పగల చోటు నాలుక. ఈ పద్ధతి ఎక్కడ బలంగా ఉందో ఇక్కడే తెలుస్తుంది. తీవ్ర జ్వరంలో నాలుక నిజంగానే గంటల్లో, రోజుల్లో మారుతుంది. దీర్ఘకాల వ్యాధుల విషయంలో అంత స్పష్టమైన మార్పు ఉండదు.

1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూలలో ప్రభుత్వం సంప్రదాయ వైద్య కళాశాలలు నెలకొల్పిన తరువాత, గురువు నుంచి శిష్యుడికి రకరకాలుగా అందుతూ వచ్చిన ఈ పరిజ్ఞానం పాఠ్యపుస్తకాల్లో ఒక క్రమానికి వచ్చింది. 2020లో కోవిడ్ చికిత్సకు చైనా జాతీయ ఆరోగ్య కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల్లోని సంప్రదాయ వైద్య భాగంలో కూడా, రోగ దశల వారీగా నాలుక ఎలా ఉంటుందో రాశారు.

పూత ఎక్కడిది, రంగు ఎక్కడిది

నాలుక పైభాగమంతా సన్నని బొడిపెలు ఉంటాయి. వాటిలో అత్యధికం దారపు పోగుల్లా ఉండేవి. వాటికి రుచి తెలియదు. వాటి కొనల మీది గట్టి కణాలు నిరంతరం పెరుగుతూ, ఆహారం రాపిడికి, లాలాజలానికి ఊడిపోతూ ఉంటాయి. పెరగడానికీ ఊడడానికీ మధ్య తూకం ఉన్నంతకాలం పల్చని తెల్లని పొర కనిపిస్తుంది. జ్వరం వచ్చినవారు సరిగా తినరు, తిన్నా జావ వంటి మెత్తని పదార్థమే తీసుకుంటారు, నీరు తగ్గి లాలాజలం ఎండుతుంది, ముక్కు దిబ్బడ వల్ల నోటితో ఊపిరి పీలుస్తారు. అప్పుడు కణాలు ఊడక, సూక్ష్మజీవులూ ఆహారపు తునకలూ చేరి పూత దళసరి అవుతుంది. రంగునిచ్చే సూక్ష్మజీవులు పెరిగితే పసుపో గోధుమరంగో వస్తుంది. కాబట్టి పసుపు దళసరి పూతకూ ఒంటి 'వేడి'కీ సంబంధం ఉందన్న పాత గమనిక వట్టిది కాదు. అయితే ఆ సంబంధం కడుపులోంచి లేచిన ఆవిరి వల్ల కాక, నోటిలో జరిగిన మార్పుల వల్ల వచ్చింది.

ఈ పోగుల మధ్య అక్కడక్కడ పుట్టగొడుగు ఆకారపు బొడిపెలు ఉంటాయి. వీటిలో రక్తనాళాలు ఎక్కువ, పై పొర పల్చన. అందుకే ఎర్రని చుక్కల్లా కనిపిస్తాయి. ఇవి నాలుక కొన మీద, అంచుల మీద దట్టంగా ఉంటాయి. జ్వరంలో రక్తప్రసరణ పెరిగినప్పుడు కొన ముందుగా ఎర్రబడేది ఇందువల్లే.

బొడిపెలు మరీ పొడవుగా పెరిగి నల్లబడితే నాలుకకు వెంట్రుకలు మొలిచినట్లు కనిపిస్తుంది. పొగతాగేవారిలో, యాంటీబయాటిక్స్ వాడినవారిలో, బిస్మత్ ఉన్న కడుపు మందులు తీసుకున్నవారిలో ఇది వస్తుంది, కారణం తొలగితే తగ్గుతుంది. చైనా పాత గ్రంథాల్లో నలుపు పూత తీవ్ర రోగానికి చిహ్నం.

దీనికి విరుద్ధమైన స్థితి పోగు బొడిపెలు నశించి నాలుక అద్దంలా నున్నబడటం. చైనా వైద్యులు కూడా దీనిని 'అద్దం నాలుక' అనే పిలుస్తారు, కడుపులోని యిన్ పూర్తిగా ఇంకిపోయిందంటారు. ఆధునిక వైద్యంలో ఇది ఐరన్, బి12, ఫోలేట్ లోపాలకు తెలిసిన గుర్తు. నాలుక కణాలు చాలా త్వరగా పుట్టి చనిపోయేవి కనుక, కొత్త కణాల తయారీకి కావలసిన పోషకం తగ్గితే ఆ లోటు ముందుగా అక్కడ బయటపడుతుంది. గుర్తును ఇద్దరూ సరిగానే చూశారు, దాని తీవ్రతనూ ఇద్దరూ గ్రహించారు. తేడా తరువాతి అడుగులో ఉంది. బి12 లోపాన్ని ఒక రక్తపరీక్షతో నిర్ధారించవచ్చు, ఇంజెక్షన్లతోనో మాత్రలతోనో సరిచేయవచ్చు. యిన్ పెంచే మూలికలతోనే కాలం గడిపితే ఆ లోపం అలాగే ఉండి నరాలను దెబ్బతీస్తుంది. బి12 లోపం సాధారణంగా కనిపించే మన దేశంలో, ముఖ్యంగా శాకాహారుల్లో, ఇది మాటవరసకు చెప్పే ప్రమాదం కాదు.

మరోవైపు, ఏమీ కాని గుర్తుకు పెద్ద అర్థం అంటగట్టడం కూడా జరుగుతుంది. నూటికి ఒకరి నుంచి ముగ్గురి నాలుక మీద, దేశపటంలోని ఎల్లల్లా తెల్లని అంచులు గల ఎర్రని మచ్చలు ఏర్పడి, కొద్ది రోజుల్లో చోటు మారుతుంటాయి. ఆవకాయ తగిలితే మంట పుట్టడం మినహా వీటివల్ల హాని లేదు, చికిత్స కూడా సాధారణంగా అవసరం ఉండదు. చైనా వైద్యంలో ఇది జీర్ణశక్తి లోపంగా నమోదై మందుల దాకా వెళుతుంది.

నాలుక మీద అవయవాల పటం

నాలుక కొన గుండెకూ ఊపిరితిత్తులకూ, నడిమి భాగం ప్లీహానికీ కడుపుకూ, రెండు పక్కలు కాలేయానికీ పిత్తాశయానికీ, మొదలు మూత్రపిండాలకూ చెందినవని ఈ వైద్యం చెబుతుంది. ఎక్కువగా ప్రచారంలో ఉన్నదీ, ఎక్కువగా అపార్థానికి దారితీస్తున్నదీ ఈ పటమే.

నాలుకకు వచ్చే నరాలు తెలిసినవే. ముందు రెండు వంతుల స్పర్శ ఒక నరానిది, రుచి మరొకదానిది, వెనుక మూడో వంతు ఇంకొకదానిది, కదలిక వేరొకదానిది. నాలుక పక్కలను కాలేయంతో ప్రత్యేకంగా కలిపే దారి వీటిలో ఏదీ లేదు. కొన ఎర్రబడటానికి బొడిపెల సాంద్రత చాలు. నాలుక మొదలు దగ్గర పూత దళసరిగా ఉండటానికి ఆ భాగం అంగిలికీ ఆహారానికీ అంతగా ఒరుసుకోకపోవడం చాలు.

అవయవాల పేర్ల విషయంలో మరో చిక్కు ఉంది. చైనా వైద్యంలో ప్లీహం అనేది తిన్నదాన్ని శక్తిగా మార్చి ఒంటికి పంచే ఒక వ్యవస్థ. శరీరశాస్త్రంలోని ప్లీహం రక్తాన్ని వడగట్టే అవయవం, మలేరియాలో ఉబ్బినప్పుడు మన పల్లెల్లో 'కడుపులో బల్ల' అనేది దానినే. రెండింటికీ పేరొక్కటే ఉమ్మడి. 'మీ ప్లీహం బలహీనంగా ఉంది' అని ఒక యాప్ చూపితే స్కానింగ్ సెంటరుకు పరుగెత్తవలసిన పని లేదు. అక్కడ అంతా సవ్యంగా ఉందని రిపోర్టు వచ్చినంత మాత్రాన ఆ వైద్యుడి మాట అబద్ధమని రుజువైనట్లూ కాదు. ఆ మాట శరీరంలోని ఒక వస్తువు గురించి కానందువల్ల దానిని ఏ పరీక్షతోనూ అవుననో కాదనో తేల్చలేకపోవడమే అసలు ఇబ్బంది.

ఆయుర్వేదం, ఆధునిక వైద్యం

నాలుక చూడటం చైనాకే పరిమితం కాదు. ఆయుర్వేద గ్రంథమైన యోగరత్నాకరం చెప్పే అష్టస్థాన పరీక్షలో నాడి, మూత్రం, మలం, జిహ్వ, శబ్దం, స్పర్శ, దృష్టి, ఆకృతి ఉన్నాయి. వాతం హెచ్చితే నాలుక చల్లగా, గరుకుగా, పగిలినట్లు ఉంటుందని, పిత్తంలో ఎరుపు లేదా నలుపు తిరుగుతుందని, కఫంలో తెల్లగా జిగటగా ఉంటుందని అందులో ఉంది. జిగట తెల్లపూతను కఫంతో జోడించడంలో రెండు సంప్రదాయాలూ దగ్గరగా ఉన్నాయి. జ్వరమొచ్చిన మనిషి నాలుక ఎక్కడైనా ఒకేలా పాచి పడుతుంది కనుక ఇందులో ఆశ్చర్యం లేదు.

పూతను ఏం చేయాలన్న చోట మాత్రం ఇవి విడిపోతాయి. ఆయుర్వేదం దానిని మలినంగా చూసి రోజూ గీసివేయమంటుంది. బంగారం, వెండి, రాగి, తగరం, ఇత్తడి బద్దల ప్రస్తావన చరక సంహితలోనే ఉంది. తెలుగు ఇళ్లలో పొద్దున్నే నాలుకబద్ద అందుకోవడం ఆ అలవాటే. చైనా వైద్యుడు దీనికి భిన్నంగా, తన దగ్గరకు వచ్చే ముందు నాలుక గీసుకోవద్దంటాడు. గీసుకున్న నాలుక అతనికి తుడిచేసిన పలక వంటిది. కిళ్ళీ, నేరేడుపండు, కాఫీ రంగులనూ రోగ లక్షణంగా పొరబడకూడదని ఆ సంప్రదాయంలో హెచ్చరిక ఉంది.

ఆధునిక వైద్యంలోనూ నాలుక చాపమనడం ఒకప్పుడు పెద్ద పరీక్షే. నడుమ తెల్లని పూత, అంచులూ కొనా ఎరుపుగా ఉండటం టైఫాయిడ్‌కు పాత పుస్తకాల్లోని వర్ణన. పిల్లలకు జ్వరంతో స్ట్రాబెర్రీ పండులా ఎర్రని గింజల నాలుక వస్తే స్కార్లెట్ జ్వరాన్నీ, జపాన్ వైద్యుడు టొమిసాకు కవాసాకి 1967లో వివరించిన కవాసాకి వ్యాధినీ నేటికీ అనుమానిస్తారు. నాలుక నీలిరంగుకు మారడం రక్తంలో ఆక్సిజన్ పడిపోయిందనడానికి, పెద్దదవడం థైరాయిడ్ లోపం వంటివాటికి, చాపినప్పుడు ఒక పక్కకు ఒరగడం నరం దెబ్బతినడానికి గుర్తులు. అయితే ఆధునిక వైద్యుడికి నాలుక అనుమానం పుట్టించే చోటు మాత్రమే, ఆ అనుమానాన్ని మరో పరీక్ష తేలుస్తుంది. చైనా పద్ధతిలో నాలుకా నాడీ కలిసి తుది మాట చెబుతాయి. ఈ రెండు వైద్యాల మధ్య అతి పెద్ద దూరం ఇదే.

ఒకే నాలుక, వేర్వేరు తీర్పులు

ఏ పరీక్షకైనా తొలి షరతు, ఒకే వస్తువును ఇద్దరు చూసినప్పుడు ఒకే మాట రావడం. ఒకే నాలుక చిత్రాలను పలువురు శిక్షణ పొందిన చైనా వైద్యులకు చూపి చేసిన అధ్యయనాల్లో వారి మధ్య ఏకీభావం తక్కువ నుంచి మధ్యస్థం దాకా మాత్రమే తేలింది. కొంతకాలం తరువాత మళ్లీ చూపితే అదే వైద్యుడు వేరే మాట చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. లేత ఎరుపు ఎక్కడ ముగిసి ఎరుపు ఎక్కడ మొదలవుతుందన్నది మాటల్లో పట్టేది కాదు కదా.

ఈ లోపాన్ని సరిదిద్దడానికే కంప్యూటర్ రంగంలోకి వచ్చింది. నాలుక చిత్రాలు తీసే యంత్రాలకు ఎటువంటి వెలుతురు ఉండాలన్న దాని మీద అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ, 20498 సంఖ్యతో ప్రమాణాలు కూడా తెచ్చింది. ఆ ప్రయత్నం మెచ్చదగినది. రంగును అంకెల్లోకి మార్చితే దానికీ జబ్బుకూ సంబంధం ఉందో లేదో నిజంగా పరీక్షించే అవకాశం మొదటిసారి కలుగుతుంది. చేతిలోని ఫోన్‌కు ఈ నియమాలేవీ వర్తించవు. ట్యూబ్‌లైటు కింద ఒక రంగు, ఎండలో మరో రంగు వస్తుంది, చర్మాన్ని మెరిపించే ఫిల్టరు నాలుకనూ మెరిపిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో చైనా మూలం గల సంప్రదాయ నిర్ధారణలకు ఒక అధ్యాయం ఉండటాన్ని కొందరు ఆమోదముద్రగా చూపుతున్నారు. ఆ చేర్పు గణాంకాల సేకరణ కోసమేనని, ఏ చికిత్స సామర్థ్యానికీ సమర్థన కాదని ఆ సంస్థే స్పష్టం చేసింది.

ఫొటోకు అందని చోటు

ఈ సాధనాలు మన ఫోన్లలోకీ వస్తున్నందున నష్టం ఏ వైపు నుంచి రావచ్చో చూడాలి. లేని జబ్బు ఉందని చెబితే కొంత భయం, కొంత ఖర్చు. ఉన్న జబ్బు లేదని చెబితే నష్టం చాలా పెద్దది. గుట్కా, ఖైనీ, చుట్ట వాడకం ఉన్న మన ప్రాంతంలో నాలుక విషయంలో అన్నింటికంటే ముందు వెతకవలసింది కేన్సర్‌ను. రెండు మూడు వారాలు దాటినా మానని పుండు, గీసినా పోని తెల్లమచ్చ, మఖ్మల్‌లా మెరిసే ఎర్రమచ్చ, చేతికి తగిలే గట్టిదనం దాని తొలి గుర్తులు కావచ్చు. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు కూడా.

నాలుక కేన్సర్ ఎక్కువగా మొదలయ్యేది పక్క అంచు మీద. నాలుకను సూటిగా చాపి తీసిన ఫొటోలో ఆ భాగం సరిగా కనబడదు. అవయవాల పటంలో ఆ చోటు కాలేయానిది కనుక, అక్కడి ఎరుపు 'కాలేయపు వేడి'గా నమోదయ్యే అవకాశం ఉంది. దంతవైద్యుడు చేసే పరీక్ష ఇందుకు భిన్నం. గాజుగుడ్డతో నాలుక కొనను పట్టి, ఒక పక్కకు లాగి, వెనుక దవడ పళ్ల దాకా అంచునంతా చూసి, రెండో పక్కకు లాగి మళ్లీ చూసి, నాలుక కింద వేలితో తడిమి చూస్తాడు. దీనికి రెండు నిమిషాలు చాలు.